రోల్స్ రాయిస్ మెకానికల్ సర్వో బ్రేకు: పనితీరు, లోపాలు, నిర్ధారణ

మెకానికల్ సర్వో అంటే కదులుతున్న కారు బలంలోనే కొంత తీసుకుని, ఆ బలంతో ఆ కారునే ఆపే యంత్రం. డ్రైవరు పెడల్ మీద మోపిన బలాన్ని ఇది పెంచి బ్రేకులకు అందిస్తుంది. రోల్స్ రాయిస్ సంస్థ దీన్ని 1924లో చేపట్టింది. 1965లో సిల్వర్ షాడో వచ్చేదాకా ఈ సంస్థ కార్లకు ఇదే ఆధారం. పెద్ద ఫాంటమ్ కార్లలో ఆ తర్వాత కూడా కొనసాగింది. ఈనాటి కార్లలో ఉండే వాక్యూమ్ బూస్టరు చేసే సాయమే ఇదీ చేస్తుంది కానీ, చేసే తీరు పూర్తిగా వేరు. అందుకే కొత్త కార్లకు అలవాటుపడిన మెకానిక్కు ఈ బ్రేకులో తప్పు పట్టుకోవడం కష్టమవుతుంది. బ్రేకు సరిగా పట్టడం లేదని ముందు తెలిసేది కాలికి. తప్పు మాత్రం గేర్‌బాక్సు పక్కనో, ఛాసిస్ కింద అరిగిన పిన్నులోనో, చక్రం డ్రమ్ములోనో ఉంటుంది. పాదం నుంచి డ్రమ్ము దాకా బలం నడిచే దారిని వరసగా పరిశీలించడమే ఇక్కడ నమ్మదగిన పద్ధతి.

పుట్టుక, వ్యాప్తి

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు చాలా కార్లకు వెనుక చక్రాలకే బ్రేకులు ఉండేవి. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలి, వెనుక చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. కాబట్టి వెనుక బ్రేకులు ఎంత గట్టివైనా కారు ఆగే దూరం ఒక హద్దుకు మించి తగ్గదు. ముందు చక్రాలకూ బ్రేకులు పెడదామంటే రెండు చిక్కులు ఎదురయ్యాయి. స్టీరింగుతో పాటు తిరిగే చక్రానికి బలం ఒకే తీరుగా అందించడం మొదటిది. నాలుగు డ్రమ్ములనూ పట్టించేంత బలం ఒక్క కాలికి చాలకపోవడం రెండోది.

రెండో చిక్కును విప్పిన కారు హిస్పానో సుయిజా హెచ్6. స్విట్జర్లాండ్‌కు చెందిన ఇంజనీరు మార్క్ బిర్కిగ్ట్ రూపొందించిన ఈ కారు 1919లో పారిస్ మోటారు ప్రదర్శనలో కనిపించింది. గేర్‌బాక్సు నుంచి నడిచే సర్వో దాని నాలుగు చక్రాల బ్రేకులకూ సాయపడేది. రోల్స్ రాయిస్ ఈ ఆలోచనను లైసెన్సు మీద తీసుకుని, తనకు కావలసినట్టు మలచుకుంది. సిల్వర్ ఘోస్ట్ చివరి ఏళ్ల కార్లలోనూ, 1925లో వచ్చిన ఫాంటమ్‌లోనూ, 1929 నాటి రెండో ఫాంటమ్‌లోనూ సర్వో ఉంది. 1931లో బెంట్లీ సంస్థ రోల్స్ రాయిస్ చేతికి వచ్చాక, 1933 నుంచి డెర్బీలో తయారైన బెంట్లీలకూ అదే బ్రేకు వచ్చింది.

1946లో వచ్చిన సిల్వర్ రెయిత్, బెంట్లీ మార్క్ 6 కార్లలో ముందు చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులు పెట్టి, వెనుక చక్రాలకు కడ్డీలే ఉంచారు. 1955 నాటి సిల్వర్ క్లౌడ్‌లో వెనుక చక్రాలకు కూడా హైడ్రాలిక్ బలం చేరింది, కడ్డీల దారి మాత్రం పోలేదు. 1956లో రెండు మాస్టర్ సిలిండర్లు అమర్చారు. సిల్వర్ షాడో రాకతో డిస్క్ బ్రేకులు, సిత్రోయెన్ లైసెన్సుతో తీసుకున్న అధిక పీడన హైడ్రాలిక్ వ్యవస్థ వచ్చి సర్వో స్థానాన్ని ఆక్రమించాయి.

నిర్మాణం, పనితీరు

సర్వో గేర్‌బాక్సు పక్కన ఉంటుంది. గేర్‌బాక్సు నుంచి వెనుక చక్రాలకు వెళ్లే షాఫ్టుతో కలిసిన ఒక వార్మ్ గేరు, సర్వో డిస్కును నెమ్మదిగా తిప్పుతుంది. ఆ డిస్కు ఎదురుగా లైనింగు అతికిన ప్లేటు ఉంటుంది. పెడల్ తొక్కగానే ఒక లివరు ఆ రెండింటినీ ఒకదానికొకటి అదుముతుంది. తిరుగుతున్న డిస్కు తనకు అదుముకున్న ప్లేటును కొంత దూరం తనతో లాక్కుపోతుంది. ఆ లాగుడే కడ్డీల ద్వారానో మాస్టర్ సిలిండరు ద్వారానో బ్రేకులకు అందుతుంది. డ్రైవరు గట్టిగా తొక్కితే లాగుడు పెరుగుతుంది, కాలు సడలిస్తే తగ్గుతుంది. అందువల్ల బ్రేకు ఎంత పడుతోందో పాదానికి తెలుస్తూనే ఉంటుంది.

పెడల్ బలం అంతా సర్వోకే పోదు. కొంత భాగం కడ్డీల మీదుగా నేరుగా వెనుక బ్రేకులకు చేరుతుంది. ఒకవేళ సర్వో పూర్తిగా పనిచేయకపోయినా డ్రైవరు చేతిలో ఏదో ఒక బ్రేకు మిగలాలన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఉద్దేశం.

ఈ యంత్రం మీద ఎంత భారం పడుతుందో లెక్క వేసి చూడవచ్చు. 2 టన్నుల కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే, దాన్ని ఆపడానికి బ్రేకులు సుమారు 1.2 లక్షల జౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. వేగం 80 అయితే ఆ శక్తి దాదాపు 4.9 లక్షల జౌళ్లు. వేగం రెట్టింపైతే బ్రేకుల పని నాలుగింతలవుతుందన్న మాట. ఊరి వీధిలో బాగానే ఉన్నట్టు కనిపించిన బ్రేకు హైవే మీద చేతులెత్తేయడానికి కారణం ఇదే.

నిర్ధారణకు మూలసూత్రం

సర్వోకు బలం వచ్చేది చక్రాల కదలిక నుంచి. ఇంజను నడుస్తోందా ఆగిందా అన్నదానితో దానికి పనిలేదు. ఇంజను ఆగిపోయినా బండి దొర్లుతున్నంతసేపూ సర్వో పనిచేస్తుంది. బండి నిలిచి ఉంటే ఇంజను ఎంత నడిచినా సర్వో సాయం ఉండదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే సగం చిక్కు విడిపోయినట్టే. ఒకే బ్రేకును నాలుగు స్థితుల్లో పరీక్షించి పోల్చి చూడాలి.

బండి నిలిచి ఉన్నప్పుడు పెడల్‌కు తగిలేది నేరుగా వెళ్లే కడ్డీల దారి. నడక వేగంలో సర్వో డిస్కు మరీ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి, తొక్కిన తర్వాత సాయం అందడానికి ఒక క్షణం పడుతుంది. ఇరుకు చోట బండి నిలిపేటప్పుడు తెలిసే ఈ చిన్న ఆలస్యం ఈ బ్రేకు స్వభావం, లోపం కాదు. మామూలు వేగంలో సాయం వెంటనే, నున్నగా అందాలి. వెనక్కి నడిపేటప్పుడు సర్వో డిస్కు ఎదురుదిశలో తిరిగినా సాయం అందాలి. ముందుకు బాగా పట్టి వెనక్కి పట్టకపోతే ఆ దిశకు సంబంధించిన లివర్లను, కడ్డీలను చూడాలి. అయితే దిశ మారినప్పుడు డ్రమ్ములోని షూల పట్టు కూడా మారుతుంది కాబట్టి, ఈ ఒక్క తేడానే పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

ప్రధాన లక్షణాలు, కారణాలు

పెడల్ బరువెక్కి, బండి ఆగకపోవడం అన్నిటికన్నా ప్రమాదకరమైన లక్షణం. పెడల్ ఎప్పటిలాగే కొద్ది దూరమే కిందికి వెళ్లి గట్టిగా నిలిచి, బండి మాత్రం సాగిపోతుంటే రాపిడిలోనే లోపం ఉంది. సర్వో లైనింగు నూనెతో తడిసి ఉండవచ్చు, అద్దంలా నునుపెక్కి ఉండవచ్చు, లేదా డ్రమ్ముల్లో మరీ గట్టి రకం లైనింగులు వేసి ఉండవచ్చు. పెడల్ కింది దాకా దిగిపోతుంటే అరుగుదలను, పిన్నుల వదులును, షూల సర్దుబాటును చూడాలి.

బండి అదురుతూ ఆగితే ఆ అదురు వేగాన్ని గమనించాలి. డ్రమ్ము గుండ్రదనం పోతే అదురు చక్రం తిరిగే లయలోనే వస్తుంది. సర్వో డిస్కు చక్రం కంటే నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి, దాని ముఖం చెడితే వచ్చే కుదుపు అంతకన్నా తాపీగా, ఎడం ఎడంగా ఉంటుంది. ఆగబోయే ముందు బండి ఒక్కసారిగా ముక్కు వంచితే కొద్దిగా నూనె తగిలిన సర్వో లైనింగును అనుమానించాలి.

బండి ఒక పక్కకు లాగితే సర్వోను వెంటనే పక్కన పెట్టవచ్చు, ఎందుకంటే దాని బలం రెండు పక్కలకూ కలిపే వెళుతుంది. ఏదో ఒక డ్రమ్ములో గ్రీజు చేరిందా, ఒక వీల్ సిలిండరు బిగుసుకుందా, రెండు పక్కలకూ బలాన్ని పంచే బ్యాలెన్సు లివరు తుప్పుతో కదలడం మానేసిందా అని చూడాలి.

కాలు తీసినా బ్రేకు వదలకపోతే డ్రమ్ము కాలిపోయేంత వేడెక్కుతుంది. వెనక్కి లాగే స్ప్రింగు బలం తగ్గడం, కడ్డీల దారిలోని షాఫ్టు బిగుసుకోవడం, షూలను మరీ దగ్గరగా సర్దడం దీనికి కారణాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కార్లలో రబ్బరు గొట్టం లోపల ఉబ్బడం కూడా ఒక కారణం. లోపల ఉబ్బిన గొట్టం గుండా ద్రవం తొక్కినప్పుడు ముందుకు వెళుతుంది కానీ, కాలు తీసినప్పుడు వెనక్కి రాలేదు.

పరీక్షల క్రమం

మొదటి పని రాసుకోవడం. ఏ వేగంలో, ఏ దిశలో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఎన్నిసార్లు తొక్కాక లోపం కనిపించిందో డ్రైవరు చేత చెప్పించుకుని కాగితం మీద పెట్టాలి. కారు ఛాసిస్ నంబరుకు సరిపడే హ్యాండ్‌బుక్ దగ్గర ఉంచుకోవాలి. ఒకే పేరు మోడల్‌లో కూడా ఏడాదిని బట్టి బ్రేకు అమరిక మారింది.

రెండో పని చూడడం. సమతల నేల మీద చక్రాలకు అడ్డుదిమ్మలు వేసి, జాకీ మీద కాక గట్టి స్టాండ్ల మీద కారును నిలిపి, కిందికి వెళ్లాలి. పైన ఒకరు పెడల్‌ను నెమ్మదిగా తొక్కుతూ వదులుతుండగా, కింద ఉన్నవారు పెడల్ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క కీలునూ చూడాలి. ఎక్కడ కడ్డీ ఒక చివర కదిలి రెండో చివర కదలదో, ఎక్కడ లివరు కదలడానికి ముందు పిన్ను కాస్త గెంతుతుందో అక్కడ గుర్తు పెట్టాలి.

మూడో పని కొలవడం. లైనింగు మందాన్ని కొలవాలి. డ్రమ్ము లోపలి వ్యాసాన్ని మూడు నాలుగు చోట్ల కొలిచి పోల్చాలి. సర్వో సందును హ్యాండ్‌బుక్ చెప్పిన కొలతతో సరిచూడాలి.

నాలుగో పని రోడ్డు మీద పరీక్ష. ఇది చివర రావాలి. కింద చూడకుండా రోడ్డెక్కడం సాహసం అనిపించుకోదు, అజాగ్రత్త అనిపించుకుంటుంది. మనుషులు లేని తిన్నని దారిలో, ముందు నడక వేగంలో, తర్వాత 30, 50 కిలోమీటర్ల వేగాల్లో బ్రేకు వేసి చూడాలి. బండి ఆగాక నాలుగు డ్రమ్ముల వేడినీ థర్మామీటరుతో పోల్చాలి. తక్కినవాటి కంటే చల్లగా ఉన్న డ్రమ్ము తన వంతు పని చేయలేదు. బాగా వేడెక్కినది పక్కవాటి పని కూడా తనే చేసింది, లేదా కాలు తీశాక కూడా వదల్లేదు.

ఈ నాలుగూ పూర్తయ్యేదాకా ఏ సర్దుబాటు నట్టునూ తిప్పకూడదు. లోపం తెలియకముందే నట్టు తిప్పితే లక్షణం మారిపోతుంది, కారణం మాత్రం అక్కడే ఉంటుంది.

సర్వోలో నూనె

ఈ బ్రేకుకు సాధారణంగా వచ్చే జబ్బు నూనె. సర్వో గేర్‌బాక్సును ఆనుకుని ఉంటుంది, గేర్‌బాక్సు నిండా నూనె ఉంటుంది, రెండింటి మధ్య కాపలా ఒక సీలు. ఏళ్ల తరబడి నిలబెట్టిన కారులో ఆ సీలు ఎండి గట్టిపడుతుంది. గేర్‌బాక్సులో నూనె మట్టం గుర్తు కంటే ఎక్కువైనా లీకు మొదలవుతుంది.

సర్వో విప్పినప్పుడు ఆరోగ్యంగా ఉన్న లైనింగు పలక మీద రాసి చెరిపినట్టు మసక బూడిద రంగులో, పొడిగా ఉంటుంది. నూనె తాగినది నల్లగా నిగనిగలాడుతుంది. గోటితో గీస్తే పొడి రాలదు, గీత మాత్రం పడి అందులో సన్నని తడి ఊరుతుంది. మాడిన నూనె వాసన వస్తుంది. దాన్ని పెట్రోలుతో కడిగి ఎండబెడితే పైకి బాగుపడినట్టే కనిపిస్తుంది. కానీ లైనింగు లోపలికి ఇంకిన నూనె, బ్రేకు వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది. కడిగిన సర్వో మొదటి పది కిలోమీటర్లు బాగా పనిచేసి, ఆ తర్వాత మొండికేయడం అందుకే. ముందు సీలు మార్చాలి, ఆ తర్వాతే కొత్త లైనింగు వేయాలి. ఈ వరస తిరగబడితే కొత్త లైనింగు కూడా కొద్ది రోజుల్లో పాతదాని దారినే పడుతుంది.

పిన్నులు, కడ్డీలు

కడ్డీని లివరుకు కలిపే పిన్ను బయటికి కనిపించే తల, కొస ఎప్పుడూ కొత్తవాటిలా ఉంటాయి. అరుగుదల మధ్యలో, కంటికి కనిపించని చోట ఉంటుంది. పిన్నును ఊడదీసి, గుడ్డతో తుడిచి, గోటిని దాని పొడవునా జరిపితే నడిమికి వచ్చేసరికి గోరు ఒక మెట్టు దిగుతుంది. ఆ మెట్టు అర మిల్లీమీటరే కావచ్చు. కానీ బలం నడిచే దారిలో అలాంటి కీళ్లు 8 ఉంటే మొత్తం వదులు 4 మిల్లీమీటర్లు. మధ్యలో లివర్లు దూరాన్ని నాలుగింతలు చేస్తే పెడల్ దగ్గర 16 మిల్లీమీటర్ల కదలిక దేనికీ పనికిరాకుండా పోతుంది. ఏ ఒక్క పిన్నూ తప్పు చేసినట్టు కనిపించదు, కానీ అన్నీ కలిసి బ్రేకును నీరుగారుస్తాయి.

ఇలాంటప్పుడు కడ్డీ కొసన ఉన్న మరను తిప్పి, కడ్డీని పొట్టి చేసి పెడల్‌ను పైకి తేవడం చాలామంది చేసే పొరపాటు. కడ్డీకీ లివరుకూ మధ్య కోణం బ్రేకు పూర్తిగా పట్టిన వేళ లంబకోణానికి దగ్గరగా ఉండాలని ఆ అమరికను రూపొందించారు. కడ్డీ పొట్టిదైతే లివరు ముందే వాలి, సరిగ్గా బలం కావలసిన వేళ లాగుడు తగ్గుతుంది. లైనింగు అరుగుదలను షూ దగ్గరే సర్దాలి. పిన్ను అరుగుదలను కొత్త పిన్నుతో, కొత్త బుష్‌తో తీర్చాలి. కడ్డీ పొడవు తయారీదారు చెప్పినంతే ఉండాలి.

హైడ్రాలిక్ భాగం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కార్లలో ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈనాటి కార్లలో బ్రేకు గొట్టాల్లోకి గాలి చేరితే పెడల్ స్పాంజిలా మెత్తబడి ఆ సంగతి చెబుతుంది. ఇక్కడ మాస్టర్ సిలిండరును తోసేది సర్వో, కాలు కాదు. కాబట్టి ఆ మెత్తదనం కాలికి అంత స్పష్టంగా తెలియదు. పెడల్ గట్టిగా ఉందన్న ఒక్క కారణంతో హైడ్రాలిక్ భాగం బాగుందని అనుకోకూడదు. ద్రవం మట్టాన్ని, ప్రతి వీల్ సిలిండరు రబ్బరు కప్పు కింద తడిని, గొట్టాల వయసును కళ్లతో చూసి తేల్చుకోవాలి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏడాదిలో నాలుగు రోజులే నడిచే కారులో సిలిండర్లు లోపల తుప్పు పట్టడానికి ఆ తేమ చాలు.

మరమ్మతులో భద్రత

పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ములోని దుమ్మును గాలి గొట్టంతో ఊదితే ఆ పోగులు షెడ్డంతా పరుచుకుని, పనిచేసేవారి ఊపిరితిత్తుల్లో చేరతాయి. దాని హాని ఎన్నో ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ముఖానికి తగిన మాస్కు పెట్టుకుని, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటగట్టి విడిగా పారేయాలి. వారసత్వ వాహనం ఎంత విలువైనదైనా దాని కింద పడుకుని పనిచేసే మనిషి ప్రాణం కంటే విలువైనది కాదు.

కొత్త లైనింగు ఆస్బెస్టాస్ లేనిదై ఉండాలి, పాతదానికి దగ్గరి రాపిడి గుణమూ ఉండాలి. ఎక్కువ కాలం మన్నుతుందని లారీలకు వాడే గట్టి రకం వేస్తే డ్రమ్ము, లైనింగు రెండూ కొత్తవే అయినా బండి ఆగదు. కొత్తగా వేసిన లైనింగు డ్రమ్ము ముఖానికి పూర్తిగా కుదురుకునేదాకా మెల్లగా నడపాలి.

భారతదేశంలో

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఒక పసుపుపచ్చని సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోసం 1911లో ఆర్డరు ఇచ్చిన ఈ కారుకు లండన్‌లోని బార్కర్ సంస్థ బాడీ కట్టింది. నిజాం అదే ఏడాది మరణించడంతో ఇందులో కూర్చోలేకపోయాడు. తర్వాత ఏడో నిజాం ఉత్సవ సందర్భాల్లో వాడాడు. ఆనాటి సిల్వర్ ఘోస్ట్‌లకు ముందు చక్రాల బ్రేకులు గానీ సర్వో గానీ లేవు. సర్వో ఎందుకు అవసరమైందో అర్థం చేసుకోవడానికి తెలుగు నేల మీద దానికంటే మంచి పాఠం లేదు. సింహాసనం లాంటి ఆసనంతో ఉన్న అంత పెద్ద బండిని వెనుక చక్రాలతోనే ఆపవలసి వచ్చేది.

2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేని సొంత వాహనాలకు ఇది వర్తిస్తుంది. నంబరులో వీఏ అన్న అక్షరాలుంటాయి. ప్రదర్శన, ర్యాలీ, పరిశోధన, ఇంధనం, మరమ్మతు వంటి అవసరాలకే అవి రోడ్డెక్కాలి. అంటే ఈ కార్లు తక్కువ తిరుగుతాయి, ఎక్కువ నిలబడతాయి. సీళ్లు ఎండేదీ, పిన్నులు తుప్పు పట్టేదీ, ద్రవంలో తేమ చేరేదీ నిలబడినప్పుడే. తిరగని కారుకు బ్రేకు పరీక్ష అక్కర్లేదనుకోవడం పొరపాటు. ర్యాలీకి ముందు రోజు ఈ కార్లకు చేయవలసిన మొదటి పని కడిగి మెరుగు పెట్టడం కాదు, కిందికి వెళ్లి కడ్డీలు చూడడం.

లోపం దొరకనప్పుడు సర్వో తీసేసి ఈనాటి బూస్టరు పెట్టించాలన్న కోరిక కలుగుతుంది. అలా చేస్తే మిగిలిన కడ్డీలు, పిన్నులు, డ్రమ్ములు పాతవే ఉండి, వాటి మీద వేరే తీరు బలం పడుతుంది. అరిగిన పిన్ను అలాగే మిగులుతుంది. సర్వోను అర్థం చేసుకుని బాగుచేస్తే కారు ఆగుతుంది, దానితో పాటు 1919 నాటి ఒక గొప్ప ఆలోచన కూడా పనిచేస్తూ మిగులుతుంది. బాగుచేసిన తర్వాత మొదట లోపం కనిపించిన దారిలోనే, అదే వేగంలో మళ్లీ నడిపి, మొదటి రోజు రాసుకున్న కాగితం పక్కన ఈ ఫలితాన్ని రాయాలి. ఆ రెండు వరసలూ సరిపోల్చుకున్నాకే కారును యజమానికి అప్పగించాలి.